డిక్షనరీ అర్థం సరిగ్గనే ఉంది, మరి చదివినోళ్ళకు ఎందుకు గుచ్చుకుంటది?

మడికొండ మెయిల్స్:

అన్నలూ అక్కలూ, ఇది గ్రామర్ ప్రశ్న కాదు. టెన్సులు, ఆర్టికల్సు ఎట్లనో నెట్టుకొస్తున్నం. ఇంగ్లిష్ మాటకు పైకి కనబడే అర్థం ఒకటి, లోపలి రంగు ఇంకొకటి ఉంటది కదా, ఆ రంగు పట్టుకునుడు ఎట్ల అన్నదే నా పరేషాన్. అమెరికా క్లయింటు కోసం రాసిన చిత్తు మెయిల్ కింద పెడుతున్న:

"ఐ హావ్ సమ్ డౌట్స్ ఇన్ యువర్ రిపోర్ట్. యూ క్లెయిమ్డ్ దట్ ద టెస్టింగ్ ఈజ్ ఓవర్, బట్ యూ ఫెయిల్డ్ టు సెండ్ ద లాగ్ ఫైల్. యూ పీపుల్ అడ్మిటెడ్ ఫర్ థర్స్‌డే కాల్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్."

నేను చెప్పాలనుకున్నది ఇంతే: మీ రిపోర్టులో కొన్ని సంగతులు అడగాలె. టెస్టింగ్ అయిపోయిందన్నరు, లాగ్ ఫైల్ ఇంకా రాలె. గురువారం కాల్‌కు సరేనన్నరు. జర చూడండి.

ఒక్కో మాటకు ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ తిప్పిన. డౌట్ అంటే సందేహం, క్లెయిమ్ అంటే చెప్పుకొను, అడ్మిట్ అంటే ఒప్పుకొను. అన్నీ కుదిరినయి. అయినా ఇట్ల పంపితే అవతలోళ్ళు నొచ్చుకుంటరని టీములో ఒకరంటరు, ఏం గాదని ఇంకొకరంటరు. ఇందుల ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటది? ఇసుంటి మాటల్ని పంపకముందే పసిగట్టే ఉపాయం ఏమన్న ఉందా? "చదవంగ చదవంగ వస్తది" అని మాత్రం అనకున్రి, అది నాకు తెలుసు.

సుబేదారి సారు:

మీ మెయిల్ ఒక అమెరికన్ చెవికి ఎలా పడుతుందో ముందు తెలుగులో రాస్తాను. "మీ రిపోర్టు మీద నాకు నమ్మకం కుదరడం లేదు. టెస్టింగ్ అయిపోయిందని మీరైతే చెప్పుకుంటున్నారు, కానీ లాగ్ ఫైల్ పంపడం కూడా మీకు చేత కాలేదు. మీ బాపతు వాళ్ళు గురువారం కాల్ గురించి తప్పు ఒప్పుకున్నారు. ఇక మర్యాదగా పని కానివ్వండి." మీ మనసులో లేని కోపం నాలుగు వాక్యాల్లోనూ ఉంది.

డౌట్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మన క్లాసురూముల్లో పుట్టి పెరిగిన మాట అది. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. సందేహం అంటే తెలియనిది అడగడం, అనుమానం అంటే నమ్మకపోవడం. వాడుకలో "నాకో అనుమానం" అని ప్రశ్న కూడా అడుగుతాం గానీ, "మొగుడికి అనుమానం" అనగానే ఎవరికీ వివరించాల్సిన పని ఉండదు. ఇంగ్లిష్ డౌట్ బరువంతా అనుమానం వైపే ఉంటుంది. "ఐ డౌట్ ఇట్" అంటే "నేను నమ్మను" అని. "డౌట్స్ ఎబౌట్ యువర్ రిపోర్ట్" అంటే రిపోర్టు తప్పని మీరు అనుకుంటున్నట్టే. అడగదలచుకున్నది ప్రశ్న అయితే "క్వశ్చన్" అనే రాయండి. "ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్ ఎబౌట్ ద రిపోర్ట్" అంటే చాలు. "ఇన్" కూడా తీసేసి "ఎబౌట్" పెట్టండి.

క్లెయిమ్‌ది ఇంకో రకం ఇబ్బంది. ఎదుటివాళ్ళ మాటను మనం తిరిగి చెప్పేటప్పుడు ఎంచుకునే క్రియే మన తీర్పు. "సెడ్" అంటే అన్నారు, అంతే. "మెన్షన్డ్" కూడా అంతే, కాస్త మెత్తన. "క్లెయిమ్డ్" అంటే అన్నారు గానీ నాకు రుజువు కనిపించలేదు అని. "కంప్లెయిన్డ్" అంటే సణిగారు అని. పత్రికలవాళ్ళు ఈ తేడాతోనే బతుకుతారు. మన పేపర్లలో "అన్నారు", "చెప్పుకొచ్చారు", "బుకాయించారు" ఒకే వార్తను మూడు రకాలుగా చేస్తాయి కదా, అదే పని.

ఫెయిల్డ్ టు: ఇది నేరుగా నింద. చట్టపు నోటీసుల్లో, డబ్బు కట్టలేదని వచ్చే ఉత్తరాల్లో కనబడే మాట. వాక్యంలో కర్తను మార్చేయండి. "యూ" తీసేసి ఫైల్‌ను గానీ మిమ్మల్ని గానీ ముందు పెట్టండి: "ఐ డోంట్ సీ ద లాగ్ ఫైల్ యెట్." ఫైల్ రాలేదన్న నిజం మారలేదు, వేలెత్తి చూపడం ఒక్కటే పోయింది.

అడ్మిట్ తప్పు తెలుగువాళ్ళందరిదీ. మన "ఒప్పుకున్నాడు" రెండు పనులు చేస్తుంది. పనికి ఒప్పుకున్నాడు, తప్పు ఒప్పుకున్నాడు. ఇంగ్లిష్‌లో మొదటిది "అగ్రీడ్ టు", రెండోదే "అడ్మిటెడ్". దొంగతనమో పొరపాటో దాచిపెట్టిన నిజమో లేకుండా అడ్మిట్ రాదు (ఆసుపత్రిలో, కాలేజీలో అడ్మిట్ కావడం వేరే అర్థం). "హీ అడ్మిటెడ్ దట్ హీ లైక్స్ బిర్యానీ" అన్నా సరే, అప్పటిదాకా ఆ సంగతి దాచాడన్న వాసన వస్తుంది.

యూ పీపుల్: దీన్ని ఇంకెప్పుడూ రాయకండి. తెలుగు "మీరు" ఒక్కరికీ పదిమందికీ ఒకటే కాబట్టి, బహువచనం తెలియాలని మనవాళ్ళు పీపుల్ తగిలిస్తారు. అమెరికాలో అది "మీ జాతివాళ్ళు" అని వినబడుతుంది. 1992లో అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న రాస్ పెరో, నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ సభలో ఈ మాట వాడితే పెద్ద దుమారం రేగింది. ఆయన ఉద్దేశం తిట్టడం కాదు, అయినా మాట తన పని తాను చేసింది. "యువర్ టీమ్" అనండి, లేదా "యూ ఆల్".

నీడ్‌ఫుల్ అనేది పాత బ్రిటిష్ ఆఫీసు ఉత్తరాల మాట. అక్కడ వాడుక తగ్గిపోయింది, మన దగ్గర తాలూకాఫీసు ఫైళ్ళలో నిలిచిపోయింది. కోపం రాదు గానీ, ఏం చేయాలో అందులో చెప్పలేదు. అసలు లోపం అదీ. ఏం కావాలో రాయండి.

బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ 1948లో బీబీసీ రేడియోలో ఒక తమాషా చేశాడు. ఒకే గుణం మనిషిని బట్టి పేరు మార్చుకోవడం గురించి. దాన్ని మన ధోరణిలో చెప్పాలంటే: నాది పట్టుదల, నీది పంతం, వాడిది మొండితనం. మీరు రాసే ప్రతి విశేషణానికీ ఈ మూడు మెట్లూ వేసి చూసుకోండి. ఇంగ్లిష్‌లో ఆ మెట్లు ఫర్మ్, ఆబ్‌స్టినేట్, పిగ్‌హెడెడ్.

పరకాల పోరగాడు:

సారూ, అన్నీ ఒప్పుకుంట గానీ (అగ్రీడ్ టు, అడ్మిట్ కాదు!) ఒక మాట. "ఐ హావ్ ఎ డౌట్" మన దేశంల కోట్ల మంది అంటరు, అందరికీ అర్థమైతది. అది తప్పెట్ల అయితది? మన ఇంగ్లిష్ మనది. బ్రిటిషోడు అన్నట్టే అనాల్నా?

సుబేదారి సారు:

తప్పని నేను అనలేదు. హైదరాబాద్ ఆఫీసుకో పుణె ఆఫీసుకో రాస్తే డౌట్ అనే రాయండి, ఎవరూ తప్పుపట్టరు. ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందన్నదే లెక్క. కరీంనగర్ మాట కాకినాడలో అంటే తప్పు కాదు, కానీ ఎదుటివాడి ముఖం చూసి ఒక మాట మారుస్తాం కదా.

జమ్మికుంట జంక్షన్:

సారు చెప్పినవి అమెరికా లెక్కకు సరే. అయితే చదివేటోళ్ళు లండన్‌ల ఉన్నరా, టెక్సస్‌ల ఉన్నరా అన్నది గూడ చూడాలె. ఒకే మాట అక్కడ మంచిది, ఇక్కడ చెడ్డది అయితది.

స్కీమ్ తీసుకోండి. 2018 మే 10న హుజూరాబాద్‌ల రైతుబంధు మొదలుపెట్టిన్రు, ఇంగ్లిష్ పేపర్లల్ల దాన్ని స్కీమ్ అనే రాసిన్రు. బ్రిటన్‌ల గూడ పెన్షన్ స్కీమ్ అంటే మంచిదే. అమెరికోడికి స్కీమ్ అంటే ముందుగాల గుర్తొచ్చేది పోంజీ స్కీమ్, అంటే కుట్ర, మోసం. మన "పథకం" సుత అట్లనే కదా. ప్రభుత్వ పథకం అంటే లబ్ధి, క్రైమ్ వార్తల "పథకం ప్రకారం" అంటే హత్య. అమెరికాకు రాస్తే "ప్రోగ్రామ్" అనుండ్రి, ఏ గొడవా ఉండది.

హోమ్లీ: పెళ్ళి ప్రకటనల్ల "హోమ్లీ గర్ల్" అని ఏస్తరు. బ్రిటన్ల హోమ్లీ అంటే ఇల్లు లెక్క హాయిగ ఉన్నదని, మనిషికైతే ఆప్యాయంగ ఇంటిపట్టున ఉండేటామె అని. అమెరికల మొఖం బాగలేనామె అని. అమెరికా సంబంధం కోసం పెట్టే బయోడేటల ఇది రాస్తే ఏమైతదో మీరే ఊహించుకోండి. హాస్టల్ బోర్డు మీద హోమ్లీ ఫుడ్ అని ఉంటే మనోళ్ళకు నోరూరుతది, అమెరికోడికి "చూడబుద్ధి కాని తిండా?" అనిపించొచ్చు. హోమ్ స్టైల్ అంటే అందరికీ మంచిదే.

క్వైట్ ఇంకా గమ్మత్తు. అమెరికోడు "క్వైట్ గుడ్" అంటే చానా బాగుందని. బ్రిటిషోడు అదే అంటే పర్వాలేదు అని, చప్పగ. మీ పనిని లండన్ మేనేజర్ "క్వైట్ గుడ్" అంటే మిఠాయిలు పంచకున్రి. కాకపోతే "క్వైట్ రైట్", "క్వైట్ ఇంపాసిబుల్" అన్నప్పుడు ఇద్దరికీ పూర్తిగా అనే అర్థం, ఎందుకంటే రైటుల కొంచెం రైటు, ఎక్కువ రైటు అని మెట్లు ఉండయి.

చీప్, మీన్ జోడీగ గుర్తుపెట్టుకోండి. మనిషిని "చీప్" అంటే అమెరికల పిసినారి. బ్రిటన్ల పిసినారికి "మీన్" అంటరు, అమెరికల "మీన్" అంటే దుర్మార్గుడు. వస్తువుకు "చీప్" అంటే రెండు దిక్కుల నాసిరకం అన్న నీడ పడతది. "చీప్ టికెట్స్" ఒక్కటి నడుస్తది, ఎందుకంటే టికెటుకు నాణ్యత ఉండది, సీటు సీటే. మీ సరుకు గురించి మీరే రాసుకునేటప్పుడు "అఫర్డబుల్" అనుండ్రి, లేకపోతే ధర గురించి చెప్పి "లో ప్రైస్" అనుండ్రి.

ఇగ ఆఫ్‌కోర్స్. దీనితోని మనోళ్ళు మర్యాద అనుకుంటనే ఎదుటోణ్ణి తిడతరు. ఎవలన్న సాయం అడిగితే, "కెన్ యూ హెల్ప్ మీ?" అంటే, "ఆఫ్‌కోర్స్" అనుడు మంచిది, "అయ్యో, దానికేముంది" అన్నట్టు. కానీ ఎవలన్న సమాచారం అడిగితే, "ఈజ్ యువర్ ఆఫీస్ ఓపెన్ ఆన్ సాటర్డే?" అంటే, "ఆఫ్‌కోర్స్" అన్నరనుకో, "గది గూడ తెల్వదా" అన్నట్టు. సాయానికి ఆఫ్‌కోర్స్, సమాచారానికి "యెస్, ఇట్ ఈజ్". ఆబ్వియస్లీ సంగతీ ఇంతే, అది ఇంకా ముదురు. "యాక్చువల్లీ" వాక్యం ముంగట పెడితే "నువ్వు చెప్పింది తప్పు" అని సవరించినట్టు. మనం తెలుగుల "అసలు" అన్నట్టు ఊరికెనే వాడుతం. ఒక మెయిల్ల మూడుసార్లు వస్తే రెండు కొట్టెయ్యుండ్రి.

కైండ్లీ గురించి ఎవలూ చెప్పలె. మనకు ప్లీజ్ కంటే కైండ్లీ ఎక్కువ మర్యాద. అక్కడ ఉల్టా. "కైండ్లీ" అంటే ఓపిక నశించినోడు పళ్ళు బిగబట్టి అన్నట్టు వినబడతది. పైగ మోసం మెయిళ్ళల్ల "కైండ్లీ క్లిక్", "కైండ్లీ ప్రొవైడ్" అని ఉండి ఉండి, ఆ మాట చూస్తేనే జనం ఉలిక్కిపడుతున్నరు. "కుడ్ యూ" అని అడిగి చివరికి ప్రశ్నార్థకం పెట్టుడే మంచి మర్యాద.

కాజీపేట కాంకార్డెన్స్:

రెండో ప్రశ్నకు, అంటే ముందే పసిగట్టే ఉపాయానికి జవాబు రాస్తున్నా. మాట రంగు మాటలో ఉండదు, దాని పక్కన ఎప్పుడూ కూర్చునే మాటల్లో ఉంటుంది. భాషాశాస్త్రంలో దీన్ని సెమాంటిక్ ప్రోసడీ అంటారు. భాషావేత్త బిల్ లౌ 1993లో ఈ పేరుతో రాశాడు, అంతకుముందే బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ ఈ దారి వేశాడు. కంప్యూటర్లో పోగేసిన కోట్ల మాటల మీద నడిపిన ఆయన నిఘంటువు కోబిల్డ్ 1987లో వచ్చింది. సింక్లెయిర్ చూపించిన ఉదాహరణ "సెట్ ఇన్". "మొదలైంది" అనే అర్థమే, కానీ కుళ్ళు, నిరాశ, చలి, రోగం ఇలాంటివే సెట్ ఇన్ అవుతాయి. సంతోషం సెట్ ఇన్ కాదు. మనకూ అంతే, "దాపురించింది" అంటే వచ్చింది అనే అర్థం, కానీ పెళ్ళి దాపురించింది అంటే పెళ్ళికొడుకు పారిపోవాల్సిందే.

పనిలో అందరికీ తగిలే మాట "కాజ్". కారణమైంది అని డిక్షనరీ చెబుతుంది. మైకేల్ స్టబ్స్ అనే ఇంకో భాషావేత్త 1995లో పెద్ద కార్పస్‌లో (కంప్యూటర్లో పోగేసిన వాడుక వాక్యాల రాశిలో) చూస్తే, దాని వెనక వచ్చేవి ఎక్కువగా ప్రాబ్లమ్, డ్యామేజ్, డెత్, డిసీజ్ లాంటివి. కాబట్టి "అవర్ అప్‌డేట్ కాజ్డ్ యాన్ ఇంప్రూవ్‌మెంట్" అని రాస్తే, మేలు జరిగిందన్న వార్త కూడా ప్రమాదవార్తలా ఉంటుంది. "లెడ్ టు" వాడండి. "కాన్సిక్వెన్సెస్" కూడా అదే కుటుంబం, ట్రైనింగ్ ఫలితాలకు "రిజల్ట్స్" అనండి. ఒక మినహాయింపు ఉంది. సైన్సు వ్యాసాల్లో కాజ్ ఏ రంగూ లేని మాట, "హీట్ కాజెస్ ఎక్స్‌పాన్షన్" అంటే భయపడాల్సింది లేదు.

ఇక చేయాల్సిన పని. మొదట ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ పక్కన పెట్టి, ఆక్స్‌ఫర్డ్ గానీ కేంబ్రిడ్జ్ గానీ లర్నర్స్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో తెరవండి, ఉచితమే. అర్థానికి ముందు చిన్న అక్షరాల్లో డిస్అప్రూవింగ్, అప్రూవింగ్, ఓల్డ్ ఫ్యాషన్డ్, అఫెన్సివ్ అని గుర్తులుంటాయి. చాలామంది వాటిని దాటేసి అర్థం దగ్గరికి పోతారు, సరుకంతా అక్కడే ఉంది. కానీ కాజ్ లాంటి మాటలకు ఏ గుర్తూ ఉండదు, ఆ రంగు అంత పలచన.

అప్పుడు స్కెల్ (SkELL) అనే సైటు. ఖాతా అక్కర్లేదు, ఫోన్లోనే నడుస్తుంది. మాట కొడితే 40 దాకా ఉదాహరణ వాక్యాలు ఇస్తుంది. 20 చదివి, మాట చుట్టూ ఉన్న సంగతి మంచిదా, చెడ్డదా, ఏదీ కాదా అని మూడు గీతల్లో లెక్కేయండి. 20కి 14, 15 ఒకే వైపు పడితే రంగు తేలిపోయినట్టే. ఇది నా కొలత, శాస్త్రం కాదు.

అప్పటికీ తేలకపోతే కోకా (COCA) అనే కార్పస్ సైటు. 1990 నుంచి 2019 దాకా అమెరికన్ ఇంగ్లిష్, 100 కోట్ల మాటలు. ఉచితంగా ఖాతా తెరవొచ్చు, రోజుకు ఇన్ని వెతుకులాటలే అని హద్దు ఉంటుంది. కాలకేట్స్ (పక్కన కూర్చునే మాటలు) అనే ట్యాబ్ నొక్కి, మాటను పెద్దక్షరాల్లో కొట్టండి, అప్పుడు కాజ్, కాజ్డ్, కాజింగ్ అన్ని రూపాలూ కలిసి వస్తాయి. ఎడమవైపు 0 మాటలు, కుడివైపు 4 మాటలు అని పెట్టి, పక్క మాట నామవాచకం అని ఎంచుకోండి. బ్రిటిష్ వాడుకకు బీఎన్‌సీ (బ్రిటిష్ నేషనల్ కార్పస్) ఉంది, 10 కోట్ల మాటలే, అదీ 20వ శతాబ్దం చివరిది. ఈమధ్య పుట్టిన మాటలు అందులో వెతికితే దొరకవు.

ఇక్కడ జారిపడేది ఎక్కడంటే, మొదటి పది వాక్యాలు ఒకే నవల నుంచో ఒకే వార్త నుంచో వస్తే దాన్నే వాడుక అనుకోవడం. మూలం ఏదో పక్కన రాసి ఉంటుంది, చూసుకోండి.

వర్డ్‌లో సినానిమ్స్ మీద నొక్కి మాట మార్చే అలవాటు ఉంటే మానుకోండి, ఈ రోగాల్లో సగం అక్కడివే. ఫేమస్‌ను తీసి నొటోరియస్ పెట్టేది, గ్రూప్‌ను గ్యాంగ్ చేసేది అదే. స్మెల్ కోసం వెతికితే ఓడర్, సెంట్, అరోమా, స్టెంచ్ అన్నీ ఒకే వరుసలో నిలబెడుతుంది. బిర్యానీకి అరోమా, పువ్వుకు సెంట్ లేదా ఫ్రాగ్రెన్స్, మురికి కాల్వకు స్టెంచ్, గ్యాస్ లీకుకు, చెమటకు ఓడర్. హోటల్ రివ్యూలో "నైస్ ఓడర్" అని రాశారంటే ఆ బిర్యానీ ఎవరూ తినరు. విశేషణం ఏమీ లేకుండా "ఇట్ స్మెల్స్" అంటే కంపు కొడుతోంది అనే. కంపు అంటే గుర్తొచ్చింది, కన్నడంలో ఇదే కంపు అంటే పరిమళం. బీదర్ వైపు ఎవరైనా మీ ఇంటి పువ్వులు కంపు అంటే కొట్లాటకు పోకండి.

మడికొండ మెయిల్స్:

అందరికీ దండాలు. మస్తు సమజైంది. సారు చెప్పినట్టు కర్త మార్చి, జంక్షనన్న చెప్పినట్టు ప్రశ్నగ చేసి, మళ్ళ రాసిన:

"ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్ ఎబౌట్ ద రిపోర్ట్. యూ మెన్షన్డ్ దట్ టెస్టింగ్ ఈజ్ డన్, బట్ ఐ డోంట్ సీ ద లాగ్ ఫైల్ యెట్. కుడ్ యూ సెండ్ ఇట్ బిఫోర్ అవర్ కాల్ ఆన్ థర్స్‌డే? హోప్‌ఫుల్లీ వీ విల్ గెట్ ఇట్ ఆన్ టైమ్ దిస్ టైమ్."

ఇప్పుడు పంపొచ్చా?

సుబేదారి సారు:

మూడు వాక్యాలూ బాగున్నాయి. నాలుగోది తీసేయండి. "హోప్‌ఫుల్లీ" ఒక్కటే అయితే ఎట్లనో సర్దుకునేది, చివర "దిస్ టైమ్" తగిలించారు. ఆ రెండు మాటలతో "పోయినసారి లెక్క చెయ్యకున్రి" అని చెప్పేసినట్టే. దాని చోట "థాంక్స్" అని రాసి, కింద మీ పేరు పెట్టి పంపండి.

జమ్మికుంట జంక్షన్:

థాంక్స్ ఎనక "ఇన్ అడ్వాన్స్" పెట్టకున్రి. చేస్తరని ముందే రాసిచ్చుకున్నట్టు ఉంటది.